నాటు పత్తికిని అమెరికా పత్తికిని పొత్తు కుదరదేల?



మొన్న తొమ్మిదవ తరగతిలో సమాసములు చెప్పుచు వైరిసమాసము కడకు వచ్చితిని. సంస్కృత శబ్దమునకు అన్యభాషా శబ్దమును చేర్చి, సంస్కృత మర్యాదతో సంధిచేసి, ఒక్క పదముగా కూర్చినచో వ్యాకరణజ్ఞులు ఒప్పుకొనరు. ఆ రెండు మాటలకును వైరమని చెప్పుదురు. ఉదాహరణముగా 'జిల్లాధ్యక్షుడు' అను మాటను నల్లబల్లపై వ్రాసితిని. అప్పుడు వెనుక వరుసలోని యొక బాలుడు లేచి, "సార్, మాటల లెక్కనే చెట్లల్ల గూడ కలువనివి ఉంటయా?" అని అడిగెను. ఆ బాలుని తండ్రి కొంతం చౌక్ దగ్గరి కార్ఖానాలో చద్దర్లు నేయును. నేను బదులు చెప్పులోపలనే వాడు మరల, "మా నాయిన అంటడు, నాటు పత్తి మొండిది, ఎండకు తట్టుకుంటది. అమెరికా పత్తి పోగు పొడుగు. రెంటికి పెండ్లి చేస్తె అయిపోదా?" అనెను.

తరగతి యంతయు నవ్వినది. నాకు నవ్వు రాలేదు. ఆ పెండ్లి చేయవలెననియే మన దేశమునందును విదేశములందును శాస్త్రజ్ఞులు కొన్ని తరములుగా పాటుపడుచున్నారు. నేను తెలుగు పంతులనే గాని శాస్త్రోపాధ్యాయుడను గాను. అయినను చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించిన దానిని ఇచట వ్రాయుచున్నాను. పత్తితో బ్రదుకువారము గావున తల్లిదండ్రులును దీనిని చదువుదురు గాక.

లోకమున సాగుచేయబడు పత్తి జాతులు నాలుగు. ఆర్బోరియము, హెర్బేషియము అను రెండును ఆసియా, ఆఫ్రికా ఖండములవి. వీనినే మనము నాటు పత్తి, దేశవాళీ పత్తి అనుచున్నాము. హిర్సూటము, బార్బడెన్సు అను తక్కిన రెండును అమెరికా ఖండమువి. శ్రీకాకుళము వైపు పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని దువ్వి సన్నని నూలు వడకుట మీరు వినియుందురు. ఆ నూలు దేశవాళీ పత్తిదే. అమెరికా పత్తి మన దేశమున నిలద్రొక్కుకొనుటకు చాల కాలము పట్టినది. 1840లో కంపెనీ ప్రభుత్వము అమెరికా నుండి పత్తి దొరలను రప్పించి సేద్యము చేయించెను. చాల చోట్ల అది విఫలమాయెను. మనకు దక్షిణముననున్న ధార్వాడ ప్రాంతమున మాత్రము ఆ విత్తనము నేలకు అలవాటుపడినది.

నాటు పత్తి వానలు తప్పినను ఓర్చుకొనును. రసము పీల్చు పురుగులకు అంతగా లొంగదు. 1990ల దశాబ్దమున పంజాబు, రాజస్థాన్ ప్రాంతములలో ఆకుముడుత తెగులు అమెరికా పత్తిని పాడుచేసినప్పుడు, ప్రక్క చేనిలోని దేశవాళీ పత్తికి అది సోకలేదు. కాని దాని పోగు సాధారణముగా పొట్టి, ముతక. మిల్లు యంత్రములకు కావలసినది పొడవు పోగు. అందువలననే, 1947 నాటికి మన దేశపు పత్తి చేలలో అత్యధిక భాగము దేశవాళీయే అయినను, నేడది కొద్దిపాటి చేలకే పరిమితమై యున్నది. కాబట్టి మన బాలుని ప్రశ్న ఆకతాయి ప్రశ్న కాదు. ఎండకు ఓర్చునదియు, తెగులు సోకనిదియు, పోగు పొడవైనదియు నగు చెట్టు దొరకినచో రైతునకు ఎంత ఖర్చు తగ్గునో మీ ఊళ్లలోని బంధువుల నడుగుడు.

మరి కలుపుట ఎట్లు? పత్తి పూవు ఉదయమున విచ్చును. కావున ముందునాటి సాయంకాలమే మొగ్గను విప్పి, పుప్పొడి తిత్తులను గోటితోనో శ్రావణముతోనో తీసివేసి, కాగితపు గొట్టము తొడుగుదురు. మరునాటి ఉదయమున రెండవ జాతి పూవు నుండి పుప్పొడి తెచ్చి కీలాగ్రమునకు పూయుదురు. ఇంతవరకు ఆటంకమేమియు లేదు. పుప్పొడి మొలకెత్తును, దాని నాళము అండము వరకు చేరును, ఫలదీకరణమును జరుగును. కాయ కట్టినట్లే కనబడును. పిమ్మట కొలది దినములలో కాయ రాలిపోవును. ఒకవేళ నిలిచినను లోపలి గింజలు ముడుచుకొని తప్పలుగా ఉండును.

అనగా ఇచట పెండ్లి కుదరకపోవుట లేదు. బిడ్డ గర్భమునందే నశించుచున్నది. గాడిదకును గుఱ్ఱమునకును పుట్టిన కంచరగాడిద బ్రదుకును గాని దానికి సంతానము కలుగదు. ఇది అంతకంటె ముందే తెగిపోవు దారము.

కారణము తెలియుటకు కొంచెము లెక్క కావలెను. ప్రతి జీవకణములోను క్రోమోసోములను పోగులు కొన్ని యుండును; వంశలక్షణములు వానిపై వ్రాయబడి యుండును. దేశవాళీ పత్తికి అవి 26; అమెరికా సాగు పత్తులకు 52. సంతానమునకు తల్లి నుండి సగము, తండ్రి నుండి సగము వచ్చును. కావున ఈ రెండింటి సంకరమునకు 13ను 26ను కలిసి 39 ఉండవలెను.

గింజలో పిండము ఒంటరిగా పెరుగదు. దానికి పాలవంటి ఆహారము ప్రక్కనే తయారగుచుండును, దానిని అంకురచ్ఛదమందురు. మనము తిను తెల్లని బియ్యపు గింజ వరి మొక్క తన బిడ్డకై కూడబెట్టిన ఈ ఆహారమే. విశేషమేమనగా, పూవులు పూయు మొక్కలలో ఈ ఆహారము తల్లి యొక్కతెయే వండునది కాదు. అందులో తల్లి పాలు రెండు వంతులు, తండ్రి పాలు ఒక వంతు. ఈ రెండింటికొకటి అను పాళము తప్పినచో పాలు విరుగును. దేశవాళీ తల్లికి అమెరికా తండ్రిని కూర్చినచో తల్లివి 26, తండ్రివి 26, సరిసమానమగును. అమెరికా తల్లికి దేశవాళీ తండ్రిని కూర్చినచో తల్లివి 52, తండ్రివి 13, నాలుగింటికొకటి యగును. ఎట్లు త్రిప్పినను పాళము కుదరదు. అంకురచ్ఛదము సరిగా పెరుగదు. పిండము ఆకలితో చచ్చును.

ఇంతటితో లెక్క తేలినదనిపించును గదా! నేనును మొదట అట్లే తలచితిని. కాని పైను చెట్ల సంగతి చదివిన తరువాత నా తృప్తి చెడినది.

పైను చెట్లు మన ప్రాంతమున లేవు. హిమాలయముల వాలులలో మెండుగా కలవు. అవి పూవులు పూయవు, శంకువుల వంటి కాయలలో గింజలు కట్టును. సుమారు నూరు పైను జాతులన్నింటికిని క్రోమోసోములు 24 మాత్రమే. పైగా వాని గింజలోని ఆహారము పూర్తిగా తల్లిదే. తండ్రికి అందులో పాలే లేదు. కావున లెక్క తప్పుటకును, పాళము చెడుటకును తావు లేదు. అయినను హిమాలయములలో చేరువగా పెరుగు చీడ్ పైనుకును నీలి పైనుకును సంకరము కలుగదు. కాలిఫోర్నియాలోని ప్లాసర్‌విల్‌లో 1925 నుండి పైను సంకరములపై పరిశోధన జరిగినది. అచటి కొండలపై చక్కెర పైను, పడమటి తెల్ల పైను అను రెండు దగ్గరి చుట్టములు ప్రక్కప్రక్కనే పెరుగును. వానికి పొత్తు కుదరలేదు. అదే చక్కెర పైను సముద్రమునకు ఆవలి కొరియా పైనుతోను, చీనాదేశపు ఆర్మాండ్ పైనుతోను కలిసి సంతానమునిచ్చినది! ఇరుగుపొరుగు వారితో పడక దూరపు చుట్టములతో వియ్యమందువారిని మన పేటలోను చూచుచుందుము.

పైను గింజలో మఱియొక వింత కలదు. పుప్పొడి శంకువును చేరిన తరువాత ఫలదీకరణమునకు సుమారు ఒక సంవత్సరము పట్టును. ఒక్కొక్క అండములో ఒకటికి మించిన పిండములు మొదలై, పోటీలో ఒకటి నిలుచును. జాతులు తగనివైనప్పుడు తరచుగా పిండములన్నియు చిన్నతనముననే నశించును. కాని గింజ పెంకు తల్లిది కావున అది నిండుగా, నిగనిగలాడుచు పెరుగును. పగులగొట్టినచో లోపల బోలు. రెండేండ్లు కాచుకొనిన వానికి ఆ బోలు గింజ ఎట్లుండునో ఊహింపుడు.

కావున లెక్క సరిపోయినంత మాత్రమున సరిపోదు. మఱియేమి కారణము? దీనిని మన సాంచెలతో పోల్చి చెప్పెదను. ఒకే కంపెనీ చేసిన రెండు సాంచెలు రెండు కార్ఖానాలలో నున్నవనుకొనుడు. మొదటి కార్ఖానాలో జాబర్ ఒక పళ్ల చక్రమును మార్చి, దానికి తగినట్లు తక్కిన వానిని సవరించుకొనెను. రెండవ కార్ఖానాలో జాబర్ చక్రము జోలికి పోక ఇరుసును మార్చెను. ఇరువది యేండ్లు రెండు సాంచెలును చక్కగా నేసినవి. ఇప్పుడు మొదటి దాని చక్రమును రెండవ దాని ఇరుసునకు బిగించినచో ఏమగును? పళ్లు విరుగును. చక్రము మంచిదే, ఇరుసు మంచిదే. ఆ రెండును ఎన్నడును ఒకచోట పనిచేసి యుండలేదు, అంతే.

జీవులలో నిట్లు జరుగునని 1909లో బేట్సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడును, 1930ల దశాబ్దమున డోబ్జాన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడును వేర్వేరుగా చెప్పిరి. పత్తిలోనే దీనికి సాక్ష్యము కలదు. డేవిడ్‌సోనియై అను అడవి పత్తి యొకటి మెక్సికో దేశపు పడమటి తీరమున కలదు. అది సాగు పత్తులతో కలిసినచో, దానిలోని ఒక జన్యువును వీనిలోని ఒక జన్యువును ఒకచోట చేరి, సంకర సంతానము పిండదశలోనో మొలకదశలోనో చచ్చును. విడివిడిగా నున్నప్పుడు ఆ జన్యువుల వలన ఏ చెట్టునకును ఆపద లేదు. 2007లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్కపై జరిగిన పరిశోధనలో, ఇట్టి మరణమునకు కారకములు తెగుళ్లనుండి కాపాడు జన్యువులని తేలినది. తండ్రి నుండి వచ్చిన కావలివాడు తల్లి సొత్తును చూచి దొంగయని భ్రమపడి ఇల్లంతయు తగులబెట్టినట్లున్నది.

ఈ కథలో వేడిమికిని ఒక పాత్ర కలదు. మన గుంటూరు వైపు పండించు పొగాకును ఆస్ట్రేలియా దేశపు ఒక అడవి పొగాకుతో సంకరము చేసినచో మొలకలు 28 డిగ్రీల వేడిమిలో వాడి చచ్చును; అవే మొలకలను 36 డిగ్రీలలో ఉంచినచో బ్రదుకును. చల్లని చోటికి మార్చినచో మరల వ్యాధి మొదలగును. షోలాపురపు ఎండ కూడ ఒకరిని బ్రదికించునని తెలిసి నాకు కొంత సంతోషమైనది.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. ఈ వ్యాసమునకై చదువుచున్న దినములలోనే ఒక తల్లి పాఠశాలకు వచ్చి, "మా పిల్లగాడు ఇంట్ల తెలుగు, గల్లీల మరాఠీ, రెండు కలిపి మాట్లాడతడు సార్. రెంటికీ చెడిపోతడేమో" అని బాధపడినది. లోకమున 'సంకరము' అను మాటను తిట్టుగా వాడుట కలదు. పత్తి గింజ చావును చూపి, భాషలు కలియరాదు, మనుష్యులు కలియరాదు అని వాదించువారును లేకపోలేదు. అది శాస్త్రము కాదు. మనుష్యులందరును ఒకే జాతి. అందరికిని క్రోమోసోములు 46. ఏ దేశపు స్త్రీకి ఏ దేశపు పురుషునితో పుట్టిన బిడ్డకైనను ఈ పత్తి గింజకు పట్టిన గతి పట్టదు. ఇక భాషలకు క్రోమోసోములే లేవు. నేను నల్లబల్లపై వైరిసమాసమని వ్రాసిన 'జిల్లాధ్యక్షుడు' ప్రతిదినము పత్రికలలో క్షేమముగా తిరుగుచునే యున్నాడు. ఆ తల్లికి నేను చెప్పినది ఇంతే: పిల్లవానిని రెండు భాషలలోను చదువనిండు, వ్రాయనిండు, పరీక్షలో మాత్రము ఏ భాషకు ఆ భాష.

పత్తికి వత్తము. 52 క్రోమోసోములు గల రెండు అమెరికా జాతులును సులభముగనే కలియును. 1970లో సూరతులో సి.టి. పటేలుగారు హిర్సూటములోనే రెండు రకములను కలిపి హైబ్రిడ్-4 అను రకమును విడుదల చేసిరి. వ్యాపారమునకు వచ్చిన మొదటి సంకర పత్తి అదియే. 1972లో ధార్వాడలో కటార్కిగారు హిర్సూటమునకు బార్బడెన్సును కలిపి 'వరలక్ష్మి'ని తెచ్చిరి. ఇది రెండు జాతుల సంకరము. చెట్టు ఏపుగా పెరుగును, పోగు పొడవు, సన్నము. కాని వరలక్ష్మి గింజలనే మరల విత్తినచో తరువాతి తరమున చెట్లు నానావిధములగును. కొన్ని గిడసబారును, కొన్ని కాయవు. మొదటి తరమున దాగిన వైరము రెండవ తరమున బయటపడును. రైతు ఏటేట క్రొత్త విత్తనము కొనవలసి వచ్చుటకు ఇది యొక కారణము. ఆ విత్తనమునకై వేలకొలది మొగ్గలను సాయంకాలమున విప్పి ఉదయమున పుప్పొడి పూయువారు కూలికి వచ్చు స్త్రీలు. అనేక చోట్ల బాలికలు బడి మాని ఆ పని చేసిరని చదివితిని. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తియు మన దేశమున ఎక్కువగా సంకర విత్తనముగానే అమ్మబడినది.

ఇక దేశవాళీకిని అమెరికాకును నడుమ నున్న గోడ మాటేమి? ప్రకృతి ఆ గోడను ఒకమారు దాటినది. నేటి అమెరికా పత్తి స్వయముగా సంకరమే! సుమారు పది, ఇరువది లక్షల సంవత్సరముల క్రిందట, మన దేశవాళీ పత్తికి దగ్గరి చుట్టమైన యొక పత్తియు, అమెరికా ఖండపు అడవి పత్తియు కలిసినవి. రెండింటికిని 26 చొప్పున క్రోమోసోములు. అవి రెట్టించి 52 ఆయెను. 1940లో అమెరికాలోని టెక్సాసున బీస్లీ అను శాస్త్రజ్ఞుడు ఆర్బోరియమును అమెరికా అడవి పత్తి యొకదానితో కలిపి, క్రోమోసోములను రెట్టింపజేసి, ఆ చెట్టు సాగు అమెరికా పత్తితో పొత్తు కుదుర్చుకొనునని చూపెను. రెట్టింపజేయుటకు వాడిన మందు కాల్చిసిను. మన అడవులలోని అగ్నిశిఖ దుంపలోను అది కలదు. అది విషము, ముట్టరాదు.

అదే ఉపాయము మన బాలుని ప్రశ్నకును వర్తించును. రాలబోవు కాయకు హార్మోనులు పూసి నిలుపుదురు. లేదా పిండమును గింజనుండి తీసి గాజుపాత్రలో, తల్లి పాలకు బదులు పోతపాలు పట్టినట్లు, పోషకద్రవముపై పెంచుదురు. బ్రదికిన 39 క్రోమోసోముల చెట్టు గొడ్రాలు, ఏలయన 13 పోగులకు జతలేదు. కాల్చిసినుతో వానిని 78గా రెట్టించి, అమెరికా పత్తితో కలిపినచో 65 అగును. తరతరములుగా అట్లు కలుపుచు పోగా మరల 52కు వచ్చును. అప్పటికి దేశవాళీ గుణము ఒకటో రెండో మిగిలినచో అదృష్టము. సూరతులో ఇట్టి ప్రయత్నముల నుండియే దేవిరాజ్, దేవితేజ్ అను రకములు వెలువడినవి. మన మరాఠ్వాడాలోని పర్భణీలో దేశవాళీ పత్తికే పోగు పొడిగించు పని సాగి, పి.ఏ. 255 వంటి రకములు వచ్చినవి. పని ముగియలేదు. బాలుని తండ్రితో నేనీ మాట చెప్పగా ఆయన, "అంటె పెండ్లి అయితది సార్, గని ఖర్చు బాగ" అనెను.

జూన్ మాసమున తొలకరి పడగానే మన పాఠశాల పెరటిలో రెండు తొట్లలో దేశవాళీ గింజలను, రెండు తొట్లలో అమెరికా గింజలను నాటెదము. సుమారు రెండు నెలలకు పూవులు వచ్చును. దేశవాళీ పూవు పసుపుపచ్చగా నడుమ ఎఱ్ఱని మచ్చతో నుండును. అమెరికా పూవు మీగడ వన్నెతో విచ్చి మరునాటికి గులాబి వన్నెకు తిరుగును. కావున పొరపడుటకు వీలులేదు. అమెరికా మొగ్గలలో కొన్నింటికి దేశవాళీ పుప్పొడి పూసి ఎఱ్ఱ నూలు కట్టవలెను. కొన్నింటికి అమెరికా పుప్పొడియే పూసి తెల్ల నూలు కట్టవలెను. లేనిచో కాయ రాలినది మన చేతి మోటుతనము వలననా, జాతి భేదము వలననా తెలియదు. గత సంవత్సరము నేను మా మిద్దెపై ఒంటరిగా చేసినప్పుడు ఈ తెల్ల నూలు సంగతి మరచి, కాయలన్నియు రాలగా ఏమియు నిశ్చయింపలేకపోయితిని. ఎఱ్ఱ నూలు కట్టిన కాయ రాలినప్పుడు పారవేయవద్దు. రాలిన తేదీని వ్రాసి, కాయను నిలువున చీల్చి, లోపలి గింజలను భూతద్దముతో చూచి, చూచినదానిని చూచినట్లు బొమ్మ వేసి నా బల్లపై పెట్టుడు.